అమ్మమ్మ అయిన వేసవి

నూజివీడు ప్రాంతమున పిల్లలు పుట్టిన కాలమును మామిడిచెట్టును బట్టి చెప్పుకొనుట పెద్దలలో నేటికిని కలదు. "మావాడు పూతలో పుట్టాడండీ" అన్నచో అది పుష్యమాఘములని విన్నవారు గ్రహింతురు. "పిందెల్లో" అన్నచో ఫాల్గుణము. "కోతల్లో" అన్నచో చైత్రవైశాఖములని మాత్రమే కాదు, ఆ బిడ్డను ఎత్తుకొనుటకు ఇంటిలో ఎవ్వరికిని తీరిక లేకపోయినదని కూడ అర్థము. మేము చెప్పబోవు బిడ్డ కోతలలో పుట్టినది. అయినను ఎత్తుకొనుటకు తీరిక గల మనిషి ఒకరు ఆ ఇంట ఉన్నారు. ఈ ప్రసంగము ఆమెను గూర్చినది.

2024వ సంవత్సరము మే నెల మూడవ వారములో, స్త్రీల కార్యక్రమమునకై పురిటింటి పాటలను, జోలపాటలను ముద్రించుకొని రావలెనని మేమును మా యంత్రమును విజయవాడనుండి బయలుదేరినాము. 13వ తేదీన ఎన్నికలు ముగిసినవి. మైకుల హోరు అణగి ఊళ్ళు సద్దుమణిగినవి. ఆ వేసవి శుక్రమూఢము గనుక పెండ్లిసందడియు లేదు. బారసాలకు మూఢము అడ్డురాదు. కాబట్టి ఆ దినములలో ఏ వాకిట మామిడాకుల తోరణము కనబడినను అచ్చట ఎవరో ఒక బిడ్డకు పేరు పెట్టుచున్నారని అనుకొనవచ్చును.

రైలులో పోదలచువారికి ఒక మాట. నూజివీడు అను పేరుగల స్టేషను హనుమాన్ జంక్షన్ దగ్గర ఉన్నది. అక్కడ దిగి ఊరు ఏదని అడుగువారిని చూచి అక్కడివారు నవ్వుదురు. ఊరు ఇంకను చాల దూరము. మేము నున్న మీదుగా, ఆగిరిపల్లి మీదుగా బస్సులో పోయినాము. నున్న మామిడి మార్కెట్టువద్ద లారీల వరుస. ఆగిరిపల్లిలో శోభనాచలము, కొండమీద నరసింహస్వామి. అది దాటినపిమ్మట ఎర్రనేల, దారికి ఇరుప్రక్కల తోటలు. పూర్వము నువ్వుచేల వీడు నూజివీడైనదని పెద్దలు చెప్పుదురు. 2022 ఏప్రిల్‌లో కృష్ణాజిల్లానుండి విడదీసి ఏలూరుజిల్లాలో చేర్చినారు. మామిడిపండుకు జిల్లా పట్టదు గనుక నూజివీడు రసము నూజివీడు రసముగనే ఉన్నది.

బంగినపల్లికి పేరెక్కువ. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. అందముగా ఉండును, ప్రయాణమునకు ఓర్చును, ఉత్తరదేశమునకు లారీలు ఎక్కి పోవును. కలెక్టరుకాయ గుజ్జు కర్మాగారములకు పోవును. చిన్నరసము ఎక్కడికిని పోదు. తోలు పలుచన, పీచు మెండు; కోసి పళ్ళెములో పెట్టుటకు పనికిరాదు. రెండు అరచేతుల నడుమ మెల్లగా పిసికి, ముచ్చిక తీసి, మొదటిచుక్క సొనను బయటికి చిమ్మి, నోట పెట్టుకొని పీల్చవలెను. అతిథుల ఎదుట తినరాని పండు. అందుచేతనే ఇంటివారి పండు. మా మట్టుకు మాకు బంగినపల్లికంటె ఇదియే ఇష్టము. ఈ విషయమున విజయవాడలో మా కార్యాలయమునందు రెండు పక్షములు ఉన్నవి.

మేము పోయిన ఇల్లు ఆగిరిపల్లికిని నూజివీడుకును నడుమ ఒక గ్రామములో ఉన్నది. ఊరిపేరును ఇంటివారి పేర్లను చెప్పము. అది ఆమెకు మేము ఇచ్చిన మాట. ఆమెకు 61 సంవత్సరములు. భర్త పోయి ఆరేళ్ళయినది. కొడుకు హైదరాబాదులో ఉన్నాడు. అతనికి ఇంకను సంతానము లేదు. కూతురు బెంగుళూరులో ఉద్యోగము చేయుచు తొలికాన్పునకు పుట్టింటికి వచ్చి, ఏప్రిల్ ఆఖరున ఆస్పత్రిలో ఆడపిల్లను కన్నది. ఇంటివెనుక నాలుగెకరముల తోట. కాపును పూతమీదనే వర్తకునికి గుత్తకు ఇచ్చివేసినారు. బావిదగ్గరి రెండు చిన్నరసపు చెట్లు మాత్రము ఇంటివాడుకకు మినహాయింపు.

మేము లోనికి పోవునప్పటికి ఆమె బిడ్డకు నీళ్ళు పోయుటకు సిద్ధమగుచున్నారు. ఈ ఇంట ఉదయము 6.45 గంటల ప్రాంతీయవార్తలు పొయ్యిమీద నీళ్ళు పెట్టుటకు గుర్తు. అంతకుముందు భక్తిరంజని బిడ్డను నిద్రపుచ్చుటకు. రేడియోవారు ఇంటికి వచ్చినారని మాకు ఆమె చూపిన ఆదరణలో సగము మాకు చెందినది కాదనియు, ఏనాడో ఆ పాటలను కూర్చి పాడించిన బాలాంత్రపు రజనీకాంతరావుగారి వంటివారికి చెందినదనియు మాకు తెలియును.

పెరటిలో పీట. పీటమీద ఆమె కాళ్ళు చాచి కూర్చున్నారు. బిడ్డను మోకాళ్ళమీద వెలికిల పరుండబెట్టి, ఆముదము మాడున అద్ది, వంటినంతటిని నూనెతో మెల్లగా నిమిరినారు. కుడిచేయి ఎడమకాలును, ఎడమచేయి కుడికాలును తాకునట్లు తిప్పినారు. ముక్కు నొక్కి తీర్చినారు. ముక్కు తీర్చనియెడల అత్తవారింటిలో మాట వచ్చునట. పెసరపిండితో రుద్ది, మోచేతిమీద పోసికొని చూచి, గోరువెచ్చని నీళ్ళను చెంబుతో ధారగా పోసినారు. బిడ్డ మొదట ఏడ్చినది. పిదప నీళ్ళ వెచ్చదనమునకు కాబోలు, కనులు సగము మూసి, నోరు సున్నవలె పెట్టి, ఏదో ఆలోచించుచున్న పెద్దమనిషివలె ఊరకున్నది. "చూశారా, పంచాయతీ ప్రెసిడెంటు" అన్నారు ఆమె. ఆఖరు చెంబు నీళ్ళను బిడ్డచుట్టు త్రిప్పి ప్రక్కకు పారబోసినారు.

ఈ నీళ్ళుపోయుటలో తల్లికిని కూతురికిని ప్రతిదినము చిన్న యుద్ధము. ఆస్పత్రిలో డాక్టరమ్మ కొన్ని వలదన్నది: చెవులలో, ముక్కులో నూనె పోయరాదు; కంటికి కాటుక పెట్టరాదు; సాంబ్రాణి పొగ ఊపిరికి మంచిది కాదు; వసకొమ్ము అరగదీసి నాకించరాదు; ఏడాది నిండువరకు తేనె కూడదు; ఆరు మాసములు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడ అక్కరలేదు. ఈ జాబితాను కూతురు ఫోనులో వ్రాసిపెట్టుకొన్నది. ఆమె ఒక్కొక్కదానికి ఒక్కొక్క తీరున లొంగినారు. వసకొమ్మును మానివేసినారు. కాటుకను కంటినుండి అరికాలికిని బుగ్గకును మార్చినారు. సాంబ్రాణిని బిడ్డ లేని గదిలో వేసి, పొగ పోయినపిమ్మట ఆ గదిలో బిడ్డను పరుండబెట్టుచున్నారు. "వాసన చాలు గదమ్మా, పొగ ఎందుకు" అన్నారు మాతో, ఆ ఉపాయము తమది కాదన్నట్లు. ముర్రుపాల విషయమున మాత్రము ఏ వాదమును లేకుండనే ఒప్పుకొన్నారట. పుట్టిన గంటలోపల నర్సు బిడ్డను తల్లి రొమ్మున పెట్టుచుండగా ఆమె ప్రక్కనే నిలిచి చూచినారు. "మా కాలంలో మూడ్రోజులు పిండి పారబోయించేవాళ్ళు. పిల్ల ఏడుస్తుంటే పంచదారనీళ్ళు" అని మాత్రము అన్నారు.

మరునాడు బారసాల. అటకమీదినుండి పనసచెక్క ఉయ్యాల దింపినారు. నూజివీడులో వీణలు చేయు కుటుంబములవారు వాడునది కూడ పనసకఱ్ఱయే. తేలికగా ఉండి నాదము పలుకునని చెప్పుదురు. ఈ ఉయ్యాలలో పలికినది కిర్రుమను చప్పుడు మాత్రమే. పళ్ళెములో బియ్యము పోసి, తండ్రి బంగారు ఉంగరముతో పేరు వ్రాసినాడు. రెండక్షరముల పేరు, పలుకుటకు బాగున్నది, అర్థము వియ్యంకులవారు ఫోనులో వెదకి చెప్పినారు. అమ్మమ్మకు నోరు తిరిగిన పేరే గాని, చెవిలో చెప్పునప్పుడు మరి రెండు మాటలు చేర్చినట్లు కనబడినది. ఏమని అడిగితిమి. "ఆగిరిపల్లి సామికీ చిన్నతిరుపతి సామికీ కూడా చెప్పుకోవాలి గదమ్మా, ఎవరొచ్చారో" అన్నారు. రథసప్తమి తిరునాళ్ళకు బిడ్డను ఆగిరిపల్లికి తెచ్చెదనని ఒక మ్రొక్కు. పుట్టువెండ్రుకలు ద్వారకాతిరుమలలో ఇచ్చుటకు మరియొక మ్రొక్కు. ఏడాదికి రెండు కల్యాణములు జరిగించుకొను స్వామికి ఒక్క మ్రొక్కు చాలునా అని మేము పరిహాసమాడగా, ఆమె నవ్వక, వేళ్ళమీద లెక్క చూచుకొన్నారు.

లెక్క ఆమెకు అలవాటు. 2017లో చట్టము సవరించినది మొదలు ఉద్యోగినులకు ప్రసవపు సెలవు 26 వారములు. అందులో కాన్పునకు ముందే మూడు వారములు గడచినవి. కూతురు ఐదవ మాసమున బిడ్డను తీసికొని అత్తవారింటికి, అక్కడినుండి బెంగుళూరుకు పోవును. మన ఇండ్లలో బిడ్డ చేయు ప్రతి ఘనకార్యమునకును ఒక పిండివంట ఉన్నది గదా: బోర్ల పడినచో బొబ్బట్లు, కూర్చున్నచో కుడుములు, అడుగులు వేసినచో అరిసెలు, గడప దాటినచో గారెలు, పలుకులకు పంచదార చిలకలు. ఆమె ఆ వరుసను చెప్పి, బొబ్బట్లదగ్గర గీత గీచినట్లు చేయి పెట్టినారు. "బొబ్బట్లు నావి. ఆపైన అన్నీ వాళ్ళవి."

"అమ్మా, అరిసెలు చేసి పంపించవచ్చులే" అన్నది కూతురు.

"పంపిస్తాను. పంపించడం వేరు."

బారసాలనాడే బాలింతచేత బావివద్ద పసుపుకుంకుమలు పెట్టించి నీరు చేదించుదురు. ఆ బావి చిన్నరసపు చెట్లక్రిందిదే. కూతురు చేద లాగుచు పైకి చూచినది. చేతికి అందునంత ఎత్తున గుత్తులు గుత్తులుగా పండ్లు. ఒకటి అప్పుడే రాలి గోడప్రక్కన పడినది. ఆమె వంగబోయినది. వెనుకనుండి తల్లి, "దాన్ని ముట్టుకోకు" అన్నారు. ఆ గొంతు అంతవరకు మేము విన్న గొంతు కాదు.

బాలింత పథ్యమును గూర్చి శ్రోతలకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ ఇంట అది చక్కగా జరుగుచున్నది: పాతబియ్యపు అన్నము, వెల్లుల్లికారము, కరివేపాకు పొడి, నువ్వులపొడి, శొంఠి, వాము, నెయ్యి, లేత బీరకాయ, పొట్లకాయ. దీనిని నవ్వువారున్నారు, మేము నవ్వము. పని చేయనీయక, చలిగాలి తగులనీయక, వేళకు వేడి అన్నము పెట్టి ఒక స్త్రీని నలుబది దినములు కూర్చుండబెట్టు ఏర్పాటు సామాన్యమైనది కాదు. కాని పథ్యమునకు రెండవ ముఖము ఉన్నది. అది వలదను వాటి జాబితా. పాలిచ్చు తల్లికి తొలి ఆరు మాసములలో మామూలుకంటె దినమునకు 600 కెలోరీల ఆహారము అదనముగా కావలెనని మన పోషకాహార శాస్త్రజ్ఞుల లెక్క. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆ మే నెలలోనే ప్రకటించిన ఆహార సూచనలలోను పాలిచ్చు తల్లులకు పండ్లు, కూరలు విరివిగా ఇమ్మని ఉన్నది. మామిడిపండు వేడి, బాలింతకు పనికిరాదు, పాలు విరిగి బిడ్డకు సోకును అనుట మాత్రము ఊరూర ఉన్న మాట. మామిడిదేశమున, మామిడికాలమున, మామిడితోటలో కాన్పు అయిన పిల్లకు ఈ నియమము ఎట్లుండునో ఊహించుకొనవచ్చును.

ఆ మధ్యాహ్నమే ఆశ కార్యకర్త వచ్చినది. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డను ఆశలు మూడవనాడు మొదలు నలుబదిరెండవనాటివరకు ఆరుమార్లు ఇంటికి వచ్చి చూడవలెను; ఇరువదియొకటవనాడు అందులో ఒకటి. బారసాల భోజనము సగములో ఆపి, త్రాసు తీసి, బిడ్డను తూచి, "మూడు కిలోల ఆరువందలు, భేషుగ్గా ఉంది" అన్నది. కూతురు అదను చూచి అడిగినది: "నేను మామిడిపండు తినవచ్చునా?"

"శుభ్రంగా తినండి. పండు తినకపోతే ఎట్లాగండీ?"

"విన్నావా అమ్మా? మామిడితోటలో పుట్టి, నెలరోజులుగా వాసన చూస్తూ పడుకుంటున్నాను. అవతల గుత్తదారు పిల్లలు కూడా తింటున్నారు."

ఆమె బదులు చెప్పలేదు. విస్తళ్ళు ఎత్తుకొని పెరటిలోనికి పోయినారు. కూతురు మాతో, "మా అమ్మ తినదు, నన్ను తిననివ్వదు. ఆవిడ కాశీలో మామిడిపండు వదిలేసిందిలెండి" అన్నది. కాశికి పోయినవారు ఇష్టమైన కాయనో పండునో విడిచి వచ్చుట మన ఆచారమే. సాధారణముగా జనులు కాకరకాయవంటి వాటిని విడిచి వచ్చుట మేము ఎరుగుదుము. నూజివీడు మనిషి మామిడిపండు విడుచుట పెద్ద త్యాగమని ఆనాడు అనుకొన్నాము.

సాయంకాలము పాటల ముద్రణ ముగిసినది. ఆమె గొంతు సన్ననిది. శ్రుతికి కొంచెము క్రిందుగా ఉండును. కాని తాళ్ళపాకవారిదని పేరుబడిన జోలను ఆమె పాడుచుండగా ఉయ్యాల ఊగు కాలమునకును పాట కాలమునకును తేడా లేదు. యంత్రము ఆపివేసి తీగలు చుట్టుచుండగా, ఆమె పెరటి అరుగుమీద మా ప్రక్కకు వచ్చి కూర్చున్నారు.

"కాశీ మాట అమ్మాయి చెప్పిందా?" అని అడిగినారు. చెప్పినదన్నాము.

"కాశీకి పోయింది 2009లో. అప్పటికి ఇరవయ్యారేళ్ళ ముందే మానేశానమ్మా. ఎందుకు తినవు, ఎందుకు తినవు అని అందరూ అడుగుతుంటే జవాబు కోసం కాశీలో వదిలేశానన్నాను."

1983లో, తమ ఇరువదవ ఏట, ఆమెకు తొలికాన్పు అయినది. పుట్టింటిలోనే, ఇంటిలోనే. ఆడపిల్ల. అప్పుడును కోతలే. ఆరవనాడు, ఇంటిలో అందరును తోటకు పోయినప్పుడు, ఆకలికి ఓర్వలేక గడ్డిలో మాగవేసిన చిన్నరసము ఒకటి తీసి తిన్నారు. మరునాటి ఉదయమునకు బిడ్డ పాలు పట్టలేదు. నోరు తెరువలేదు. రాత్రికి ఒళ్ళు కొయ్యవలె బిగిసినది. ముట్టుకొన్నచో వెనుకకు విరుచుకొనుచుండెను. తొమ్మిదవనాడు పోయినది.

"చాపకింద టెంక దొరికింది మా అమ్మమ్మకి. ఆవిడ ఏమీ అనలేదు. టెంక తెచ్చి నా ముందు పెట్టింది, అంతే." కొంచెము సేపు ఊరకుండి, "పేరు పెట్టలేదు దానికి. పదకొండో రోజు దాకా ఉంటేగా" అన్నారు.

ఈ సంగతి భర్తకు తెలియునా అని అడిగినాము. పిల్ల పోవుట తెలియును, పండు సంగతి తెలియదు. కూతురికి రెండును తెలియవు.

ఆ రాత్రి మాకు చాలసేపు నిద్ర పట్టలేదు. మేము వైద్యులము కాము. కాని వైద్యుల ప్రసంగములను ఏండ్ల తరబడి ముద్రించి, కత్తిరించి, సమయమునకు సరిపెట్టినవారము. కొన్ని మాటలు తలలో నిలిచిపోవును. పుట్టినప్పుడు చక్కగా పాలు త్రాగిన బిడ్డ, మూడవనాటికిని ఇరువదియెనిమిదవనాటికిని నడుమ, ఉన్నట్టుండి పాలు పట్టుట మాని, దవడలు బిగిసి, ఒడలు విల్లువలె వంగినచో అది పసికందుల ధనుర్వాతము. మట్టిలోను పేడలోను ఉండు సూక్ష్మజీవి వలన వచ్చును. శుభ్రము చేయని కత్తితో బొడ్డు కోసినప్పుడో, కోసినచోట పిడకబూడిద అద్దినప్పుడో అది లోనికి పోవును. తల్లి తిన్న ఆహారమునకును దీనికిని ఏ సంబంధమును లేదు. గర్భిణులకు టీకాలు అందక, ఇండ్లలో కాన్పులు జరిగిన దినములలో మన దేశమున ఇది ఎందరు పసివాండ్రను తీసికొనిపోయినదో. 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమము మొదలైనది. 2005నుండి జననీ సురక్ష పథకము వచ్చి ఆస్పత్రి కాన్పులు పెరిగినవి. ప్రతి జిల్లాలోను వేయి జననములకు ఒక్కటికంటె తక్కువకు దిగినచో నిర్మూలన అయినట్లు లెక్క. భారతదేశము ఆ స్థితికి చేరినదని 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువీకరించినది. ఆ కబురును మా వార్తలలోను చదివియుందురు. ఆమె విని, నీళ్ళు పొయ్యిమీద పెట్టియుందురు.

ఈ మాట ఆమెకు చెప్పుట ఎట్లు? చెప్పినచో మామిడిపండు నిర్దోషియగును. కాని కాన్పు పుట్టింటిలో జరిగినది. బొడ్డు కోసినవారెవరో మాకు తెలియదు. అడిగినచో ఏ పేరు వచ్చునో కూడ తెలియదు. నలుబదియొక్క సంవత్సరములు ఒక మనిషి తన మీద వేసికొని మోసిన దానిని దింపి, మరెవరిమీద పెట్టుట? ఒక మూడుదినముల అతిథికి ఆ అధికారము ఉన్నదా? చదువుకొన్నవారికి అన్నియు చెప్పివేయుటలో ఒక ఉత్సాహము ఉండును. అది అన్నివేళల దయ కాదని మాకు ఈ ఉద్యోగములోనే తెలిసినది.

ఉదయమున నీళ్ళు కాగుచుండగా ఆమెయే అడిగినారు.

"మీరు చదువుకున్నవాళ్ళు. పండు తింటే పిల్ల పోతుందా?"

"పోదు" అన్నాము.

"మరి దేనివల్ల?"

తప్పించుకొనుటకు వీలు లేని ప్రశ్న. చెప్పినాము, మాకు తెలిసినంతవరకు, తెలిసిన రీతిని చెప్పినాము. చూడని బిడ్డ జబ్బును నిశ్చయముగా చెప్పరాదనియు, చెప్పిన లక్షణములు మాత్రము దానివేననియు చెప్పినాము. ఆమె పుల్లలను పొయ్యిలోనికి ఎగద్రోయుచు విన్నారు.

"కొడవలితో కోశారు" అన్నారు చివరకు. "మా అమ్మే కోసింది. మంత్రసాని రావడం ఆలస్యమైతే, గడ్డికోసే కొడవలి కడిగి తెచ్చి. బూడిద కూడా ఆవిడే పెట్టింది, నెత్తురు ఆగాలని."

మేము మాటలాడలేదు.

"పాపం, మా అమ్మకేం తెలుసమ్మా. దడదడ వణుకుతూ కోసింది" అన్నారు. ఆ మాట అనుటకు ఆమెకు ఒక్క నిమిషము పట్టినదో లేదో. నీళ్ళు మరిగినవి. ఆమె లేచి, గంగాళము దింపి, చన్నీళ్ళు కలిపి, మోచేతిమీద పోసికొని చూచి, బిడ్డను తెమ్మని కూతురిని పిలిచినారు. ఆనాటి స్నానము మామూలుకంటె కొంచెము ఎక్కువసేపు సాగినది.

బిడ్డ నిద్రపోయినపిమ్మట ఆమె కొట్టుగదిలోనికి పోయినారు. గడ్డి తొలగించు చప్పుడు వినబడినది. రెండు చిన్నరసములు తెచ్చి, ఒకదానిని చెంబునీళ్ళలో కడిగి, అరచేతుల నడుమ త్రిప్పుచు మెత్తపరచినారు. నలుబది ఏండ్లకుపైగా తినని పండైనను చేతులకు పని జ్ఞాపకము ఉన్నది. ముచ్చిక తీసి, సొన చిమ్మి, కూతురి చేతిలో పెట్టి, "ఒక్కటే. నెమ్మదిగా తిను" అన్నారు. కూతురు తల్లిముఖము చూచి, ఏమియు అడుగక, గోడకు ఆనుకొని కూర్చుండి తిన్నది. మోచేతివరకు కారిన రసమును చిన్నపిల్లవలె నాకినది.

రెండవది ఎవరికని మేము అడిగినాము. మాకట.

"మీరు తినరా?"

"లేదమ్మా. జవాబు కోసం చెప్పినా, గంగలో నిలబడి చెప్పాగా. అది ఆయనదే." తరువాత తమ అరచేతులను ఒకమారు వాసన చూచుకొన్నారు. కడుగుకొనలేదు.

మధ్యాహ్నపు బస్సుకు బయలుదేరినాము. ఒక బుట్టెడు కాయలు గడ్డిలో పెట్టి ఇచ్చి, నాలుగురోజులు ఆగి తినుడని, కార్బైడు పెట్టిన బజారుపండ్లు కొనవలదని చెప్పినారు. కూతురికి ఏమి చెప్పుదురో, చెప్పుదురో లేదో మేము అడుగలేదు. గుమ్మమువద్ద ఆమె మమ్ము ఆపి ఒక సందేహము వెలిబుచ్చినారు. నిన్న పాడిన జోలలో, రెండవ చరణమునొద్ద బిడ్డ లేచి ఏడ్చినది. ఆమె పాట ఆపి ఊరడించి మరల ఎత్తుకొన్నారు. ఆ భాగమును కత్తిరించివేయుదురా అని అడిగినారు. మామూలుగా అట్లే చేయుదుమని చెప్పినాము.

"తీసేయకండమ్మా. దాని గొంతు కూడా రేడియోలో రానివ్వండి."

పాటను ఈ ప్రసంగము చివర వినిపించుచున్నాము. కత్తిరించలేదు.